వేరే దేశపు కళాకారుడితో కలిసి పనిచేయాలంటే ముందు తోలు గీకండి

ఒంగోలులో బొమ్మలు వేసే మీకు ఇండోనేషియా కళాకారుడొకరి నుంచి పిలుపు వచ్చిందని, రెండు సంప్రదాయాలను ఎలా కలపాలని అడిగారు. కలపాలన్న ఆలోచనను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఇద్దరూ ఒకే పనికి చేతులు పెట్టి చూడండి, అది చాలు.

మాది కావలి దగ్గర తోలుబొమ్మలాట కుటుంబం. ఇంట్లో మరాఠీ కలిసిన ఆరె మాట, తెర మీద తెలుగు. రెండు భాషల మధ్య బతకడం మాకు కొత్త కాదు. అయినా జావాలోని యోగ్యకర్త నుంచి ఒకాయన మూడు వారాలు మా ఇంట్లో ఉండటానికి వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు ఫోను అనువాదంతో నానా తిప్పలు పడ్డాం. ఆయన మా అమ్మను 'ఇబూ' అని పిలిచేవాడు. వాళ్ల భాషలో అమ్మ అనే అర్థమట. అది తెలిసిన రోజు నుంచి ఆయన కంచంలో చేపముక్క పెద్దదైంది.

మూడో రోజు మేకతోలు వేడినీళ్లలో నానబెట్టి గీకడానికి కూర్చున్నాం. వెంట్రుకలు పోయాక ఆయన దాన్ని ఎండకు ఎత్తి పట్టాడు. అవతల ఉన్న తన వేళ్లు కనిపించేసరికి పకపకా నవ్వాడు. వయాంగ్ కులిత్ అనే వాళ్ల నీడబొమ్మలాటలో బొమ్మలు గేదెతోలువి. కులిత్ అంటేనే తోలు. ఆ తోలు మందం, వెలుతురు సరిగా దూరదు. అందుకే అందమంతా ఉలితో కొట్టిన సన్నని చిల్లుల్లో ఉంటుంది. మన బొమ్మ నీడే రంగుల్లో పడుతుంది. ఆయన మేకతోలు మీద తన పద్ధతిలో చిల్లులు కొడితే రెండు చిల్లుల మధ్య తోలు చిరిగింది. నేను ఆయన తెచ్చిన గేదెతోలు ముక్క మీద హనుమంతుణ్ణి వేస్తే తెర మీద రంగు కనిపించలేదు, నల్లటి మరక పడింది. వంద మాటల్లో తెలియనిది ఆ రెండు పాడైన బొమ్మలతో తెలిసింది.

గొడవా వచ్చింది. వాళ్ల కథలో ద్రౌపది ఒక్క ధర్మరాజుకే భార్య. అమ్మ పనిముట్లు కింద పెట్టి, "అయిదుగురు లేకుండా భారతం ఎక్కడిది?" అంది. ఆయనా తగ్గలేదు. రెండు రోజులు ఆ ఘట్టం జోలికి పోలేదు. చివరికి దారి చూపింది హాస్యగాళ్లే. వాళ్లకు సెమార్, అతని కొడుకులు గారెంగ్, పెట్రుక్, బగోంగ్ ఉన్నారు. మనకు కేతిగాడు, బంగారక్క. శివరాత్రి ఆటలో పొడుగు ముక్కు పెట్రుక్ ఒక వేలు చూపించాడు, కేతిగాడు అయిదు చూపించాడు. "నీ ముక్కు పొడుగు, లెక్క పొట్టి" అని బంగారక్క అనేసరికి ఊరంతా నవ్వింది. ఇంకో సంగతి: మా నాన్న చెక్క మీద కాలితో తొక్కి చప్పుడు చేస్తుంటే ఆయన తన కాలు చూపించాడు. అక్కడ దలాంగ్, అంటే బొమ్మలాడించేవాడు, కాలితో లోహపు పలకలు మోగిస్తాడట.

ఇక జాగ్రత్త. ఇంతకు ముందు వేరే దేశం నుంచి వచ్చిన మరొకరితో కలిసి చేసిన బొమ్మలను నగరంలో ఒక గ్యాలరీ ప్రదర్శించింది. గోడ మీద చీటీలో ఆమె పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, మా వంతుకు 'స్థానిక చేతిపనివారి సాయంతో' అన్న ముక్క దక్కింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే. కానీ అది కళ పేరును కాపాడుతుంది, చీటీ మీద మీ పేరును కాదు. కాబట్టి మొదటి రోజే కాగితం రాసుకోండి: ఎవరి పేరు ఎలా వేస్తారు, బొమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, అమ్మితే డబ్బు ఎలా పంచుకుంటారు, ఫోటోలు ఎవరు వాడుకోవచ్చు. స్నేహం చెడుతుందని మొహమాటపడకండి. జావా ఆయన నేను అడగకముందే సంతకం పెట్టాడు.

మేకతోలుతో చేసిన ఆ పెట్రుక్ మా దగ్గరే ఉంది. వానాకాలం సముద్రపు చెమ్మకు ముక్కు చుట్టుకుపోతుంది. ఇటుక కింద పెట్టి సాపు చేసి, ఫోటో తీసి ఆయనకు పంపుతాను.