ఎరిక్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? పాఠకుల ప్రశ్నలకు లైబ్రేరియన్ జవాబులు

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. ఒకే గదిలో రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టి చెబితే పిల్లల చదువు దెబ్బతింటుందా లేదా అన్న విషయం మీద పరిశోధన వ్యాసం రాస్తున్నాను. మా గైడ్ గారు ‘ఎరిక్ చూడండి’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. నా ప్రశ్న మొత్తం ఇంగ్లీషులో టైప్ చేస్తే వేలకొద్దీ వచ్చిపడ్డాయి. మాటలు మార్చి చూస్తే అసలేమీ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
(ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: అమ్మా, ఎరిక్ అంటే విద్య మీద వచ్చిన పరిశోధన వ్యాసాలు, నివేదికలు వెతుక్కునే ఆన్‌లైన్ డేటాబేస్. మీ ప్రశ్నను దానికి అప్పజెప్పకండి. ప్రశ్నకు జవాబు వెతుక్కునేది మీరు. ఎరిక్ చేయగలిగింది కాగితాలు తీసి ముందు పెట్టడమే. ఆ కాగితాలు చేరిన రోజునే ఇండెక్సింగ్ చేసేవాళ్లు వాటి మీద కొన్ని మాటలు అంటించి పెట్టారు. ఆ మాటలు మీకు తెలిస్తే పని అయిపోయినట్టే. తెలియకపోతే ఎంత మంచి ఇంగ్లీషు రాసినా లాభం లేదు.

ముందుగా సంగతి రెండు ముక్కల్లో. ఎరిక్ అమెరికా విద్యాశాఖ కింద నడుస్తుంది. 1964లో మొదలై, 1966 నుంచి పత్రాలు పోగుచేస్తోంది. వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. విద్యకు సంబంధించి అంత పెద్ద ఉచిత సూచిక మరొకటి నాకు తెలియదు.

ఇప్పుడు మీ పని. వెతికే పెట్టెలో ‘మల్టీగ్రేడ్ క్లాసెస్’ అని రెండే మాటలు కొట్టండి. వచ్చిన జాబితాలో మీ విషయానికి దగ్గరగా అనిపించిన వ్యాసం ఒక్కటి ఎంచుకుని, శీర్షిక మీద నొక్కండి. సారాంశం చదివి వెనక్కి వచ్చేయకండి, అందరూ చేసేది అదే. దాని కిందికి దిగండి. ‘డిస్క్రిప్టర్స్’ అని ఒక వరుస ఉంటుంది. ఇండెక్సింగ్ చేసేవాళ్లు అంటించారన్న మాటలు ఇవే. మీకు కావాల్సిన మాట అక్కడ ‘మల్టీగ్రేడెడ్ క్లాసెస్’ అని కనిపిస్తుంది. గ్రేడ్ కాదు, గ్రేడెడ్. మీకూ నాకూ అది పెద్ద తేడా కాదు, డేటాబేస్‌కి మాత్రం అదే ఖాయమైన పేరు. ఆ చుట్టుపక్కలే మిక్స్‌డ్ ఏజ్ గ్రూపింగ్, వన్ టీచర్ స్కూల్స్, స్మాల్ స్కూల్స్ లాంటివి కూడా తగలొచ్చు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మరో రెండు మూడు మంచి వ్యాసాలు తెరిచి, వాటి డిస్క్రిప్టర్లు కూడా కలపండి. మళ్లీ మళ్లీ కనిపించేవి మీవి, ఒక్కసారి కనిపించి మాయమైనవి వదిలేయండి.

వెతికే పెట్టెకు పైన ‘కలెక్షన్’ పక్కనే ‘థిసారస్’ అని ఒక ట్యాబ్ ఉంటుంది, డిస్క్రిప్టర్లన్నిటి పట్టిక అది. చాలామంది పరిశోధకులు పట్టా పుచ్చుకునేదాకా దాన్ని నొక్కరు. మీరు రాసుకున్న మాటలను అక్కడ ఒక్కొక్కటిగా చూడండి. ఆ మాటను ఏ అర్థంలో వాడుతున్నారు, దానికంటే విశాలమైన మాట ఏది, ఇరుకైనది ఏది, చుట్టరికం ఉన్నవి ఏవి, ఏ మాటకు బదులుగా దీన్ని వాడాలి అన్నవి అక్కడ రాసి ఉంటాయి. అక్కడినుంచే ఆ డిస్క్రిప్టర్ ఉన్న వ్యాసాలన్నిటినీ తెప్పించుకోవచ్చు. ‘ట్యూషన్’ అన్న మాట చూడండి. బడి అయ్యాక చెప్పించుకునే పాఠాల గురించి అనుకుని మనం కొడతాం. అక్కడ అది కాలేజీ ఫీజు. మీకు కావాల్సింది ‘ట్యూటరింగ్’ కింద ఉంటుంది.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. టీచర్లు తక్కువై, పిల్లలు తక్కువై, గతిలేక తరగతులు కలపడం ఒకటి. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి నేర్చుకుంటే మంచిదని నమ్మి, కావాలని కలపడం వేరొకటి. మొదటిదాన్ని మల్టీగ్రేడ్ అనీ, రెండోదాన్ని మల్టీ ఏజ్ అనీ పరిశోధకులు విడదీస్తారు. గదిలోకి తొంగిచూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఫలితాలు ఒకేలా ఉండనక్కర్లేదు. మీరు దేని గురించి రాస్తున్నారో ఇప్పుడే తేల్చుకోండి. వెతుకులాట సగం అక్కడే తేలిపోతుంది.

తేల్చుకున్నాక పెట్టెలో ఇలా కొట్టండి: డిస్క్రిప్టర్ అన్న మాట, ఖాళీ వదలకుండా కోలన్, వెంటనే డబుల్ కొటేషన్ల మధ్య మల్టీగ్రేడెడ్ క్లాసెస్. తర్వాత పెద్ద అక్షరాల్లో యాండ్. మళ్లీ డిస్క్రిప్టర్, కోలన్, కొటేషన్లలో అకడమిక్ అచీవ్‌మెంట్. రెండు రకాల తరగతులూ కావాలంటే మల్టీగ్రేడెడ్ క్లాసెస్, మిక్స్‌డ్ ఏజ్ గ్రూపింగ్ అన్న రెండు డిస్క్రిప్టర్లనూ బ్రాకెట్లలో పెట్టి మధ్యలో ఆర్ వేయండి. రచయిత పేరుతో వెతకాలంటే ఆథర్, శీర్షికలో మాట కావాలంటే టైటిల్, పద్ధతి ఇదే. ఒక జాగ్రత్త: థిసారస్‌లోకి కొత్త మాట చేరినా, అంతకుముందు వచ్చిన వ్యాసాలు పాత మాట కిందే ఉండిపోయే వీలుంది. అందుకని డిస్క్రిప్టర్లతో వెతికాక, మామూలు మాటలతో కూడా ఒకసారి వల వేయండి.

జాబితా వచ్చాక ఎడమ పక్కన వడపోతలు ఉంటాయి. సంవత్సరం, తరగతి స్థాయి, దేశం అన్నవి చెప్పకుండానే తెలుస్తాయి. ‘పబ్లికేషన్ టైప్’ కింద ఉండే ‘ఇన్ఫర్మేషన్ అనాలిసెస్’ దగ్గర మాత్రం ఆగండి. ఆ పేరు చూసి కంప్యూటర్ల గొడవేదో అనుకుని దాటిపోతారు. సమీక్షా వ్యాసాలు ఉండేది దాని కిందే. ఒక విషయం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఎవరో ఓపికగా చదివి, తూచి, ఒక చోట పెట్టినవి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చదవాల్సింది ముందు వాటినే.

మీ విషయం మీద అలాంటి వ్యాసం ఒకటి నేనే చెబుతాను. నెదర్లాండ్స్ పరిశోధకుడు సైమన్ వీన్‌మన్ 1995లో ‘రివ్యూ ఆఫ్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్’ పత్రికలో రాశారు. కలిపిన తరగతుల పిల్లలు మామూలు తరగతుల పిల్లలకంటే వెనకబడిందీ లేదు, ముందుకెళ్లిందీ లేదు అన్నది ఆయన తేల్చిన సంగతి. అది చదివి ‘అయితే నష్టం లేదన్నమాట’ అని మీ వ్యాసంలో రాసేసుకునేరు! మరుసటి ఏడాది, 1996లో, అదే పత్రికలో మేసన్, బర్న్స్ అనే ఇద్దరు ఆ తీర్పు తప్పు కావచ్చన్నారు. కలిపిన తరగతులకు మంచి పిల్లలనూ, మంచి టీచర్లనూ ఏరి పంపే అలవాటు ఉంటుందనీ, ఆ సాయం వల్ల అసలు నష్టం కనబడకుండా పోతుందనీ వాళ్ల వాదన. వీన్‌మన్ ఊరుకోలేదు, అదే ఏడాది జవాబిచ్చారు. మూడూ ఎరిక్‌లో రచయిత పేరుతో దొరుకుతాయి. మూడూ వరసగా చదివితే, మీరు సమాచారం సేకరించేటప్పుడు పిల్లలను ఏ తరగతిలో ఎవరు, ఏ లెక్కన వేశారో ఎందుకు అడగాలో మీకే తెలుస్తుంది. మీ గైడ్ గారు అడగబోయే మొదటి ప్రశ్న కూడా బహుశా అదే.

ఇంకొక్కటి. అమెరికా బయట జరిగిన అధ్యయనాలకు ఎరిక్‌లో ‘ఫారిన్ కంట్రీస్’ అనే డిస్క్రిప్టర్ తగిలిస్తారు. మన దేశమైనా, ఫిన్లాండ్ అయినా అంతే. వాళ్ల గుమ్మంలో నిలబడి చూస్తే మనమంతా పరాయివాళ్లమే మరి. దానికి కినుక వహించే బదులు వాడుకోండి: మీ డిస్క్రిప్టర్‌కి దీన్ని జతచేస్తే అమెరికా బడుల వ్యాసాలు చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. ‘లొకేషన్’ వడపోతలో ఏ దేశం కావాలో ఎంచుకోండి.

ప్రశ్న: ‘పీర్ రివ్యూడ్ ఓన్లీ’ అన్న గడిలో టిక్ పెట్టి వెతికితే 1980ల నాటి ప్రసిద్ధ వ్యాసాలు ఒక్కటీ రావడం లేదు. వాటిని నిపుణులు పరిశీలించలేదనా?
(ఒక పరిశోధక విద్యార్థి)

జవాబు: కాదు బాబూ. ఎరిక్ ఆ గుర్తు వేయడం మొదలుపెట్టింది 2004 నుంచి. అంతకుముందు చేరినవాటికి అది ఉండదు, వ్యాసం ఎంత గట్టిదైనా సరే. కాబట్టి పాతవి కావాలంటే టిక్ తీసేసి, పత్రిక పేరు చూసి మీరే నిర్ణయించుకోండి. టిక్ ఉన్నంత మాత్రాన వ్యాసం మంచిదనుకోవడం కూడా కుదరదు. ఆ గుర్తు పత్రిక పద్ధతి గురించి చెబుతుంది, ఆ వ్యాసంలోని లెక్కల గురించి కాదు. లెక్కల సంగతి తెలియాలంటే కొన్ని రికార్డులకు ‘వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్’ (అధ్యయనాల నాణ్యతను తూచే అమెరికా విద్యాశాఖ కార్యక్రమం) రేటింగ్ ఉంటుంది, దానికి విడిగా ఓ వడపోత కూడా ఉంది. ప్రమాణాలకు సరితూగిందా, షరతులతో తూగిందా, తూగలేదా అని తేల్చి చెబుతుంది. అన్ని వ్యాసాలకూ ఉండదు, ఉన్నచోట చూడకుండా వదలకండి.

ప్రశ్న: రికార్డు కనిపిస్తుంది, పీడీఎఫ్ ఉండదు. ఇంకెందుకండీ ఆ డేటాబేస్?
(పేరు రాయలేదు)

జవాబు: మీ విసుగు అర్థమైంది, నిష్ఠూరం మాత్రం న్యాయం కాదు. ఎరిక్ ప్రధానంగా సూచిక. రికార్డులోని ఎరిక్ నంబరు ఈజే (EJ) అని మొదలైతే అది పత్రికా వ్యాసం. పూర్తి ప్రతి చాలాసార్లు ప్రచురణకర్త దగ్గర ఉంటుంది, రికార్డులోని లింకు అక్కడికే తీసుకెళ్తుంది. ఈడీ (ED) అని మొదలైతే నివేదికలు, సదస్సు పత్రాల్లాంటివి. ఉచిత పీడీఎఫ్‌లు ఎక్కువగా దొరికేది వీటిలోనే. ఇందులోనూ మెలిక ఉంది. సిద్ధాంత గ్రంథాలు అమ్మే ప్రోక్వెస్ట్ సంస్థ నుంచి వచ్చినవాటికి ఈడీ నంబరే ఉంటుంది, దొరికేది మాత్రం సారాంశమే.

పాతవాటి కథ వేరు. 1966 నుంచి 1992 దాకా చేరిన పత్రాలు మైక్రోఫిష్ మీద ఉండేవి. అరచేతిలో పట్టే ఫిల్మ్ రేకు, దాని మీద పదుల కొద్దీ పేజీలు, చదవడానికి ఓ యంత్రం. ఆ వెలుతురులో గంటసేపు కూర్చుంటే కళ్లు మండిపోయేవి. వాటిని తర్వాత స్కాన్ చేశారు కానీ, హక్కులున్నవాళ్లు ఒప్పుకున్నవే బయట పెట్టగలిగారు. అనుమతి రానివాటికి ఇప్పటికీ రికార్డు మాత్రమే మిగిలింది.

ఉచితంగా దొరికేవే కావాలంటే ‘ఫుల్ టెక్స్ట్ అవైలబుల్ ఆన్ ఎరిక్’ గడిలో టిక్ పెట్టండి. కానీ మొదటి విడతలోనే పెట్టకండి. చేతికందినదే సాహిత్యమనుకుంటే సమీక్ష కుంటుతుంది. ముందు ఏమేమి ఉన్నాయో తెలుసుకోండి. తర్వాత గూగుల్ స్కాలర్‌లో శీర్షిక కొట్టి ఉచిత ప్రతి ఉందేమో చూడండి. లేకపోతే రచయితకే మర్యాదగా ఓ మెయిల్ రాయండి. పంపేవాళ్లే ఎక్కువ. తమ వ్యాసం ఎవరో చదువుతామంటే సంతోషించని పరిశోధకుణ్ని నేనింకా చూడలేదు.

ప్రశ్న: మా లైబ్రరీలో ఎబ్‌స్కో (లైబ్రరీలకు డేటాబేస్‌లు అందించే సంస్థ) ద్వారా కూడా ఎరిక్ వస్తుంది. ఏది వాడాలి?

జవాబు: రికార్డులు అవే. ఎబ్‌స్కోలో మాట చివర నక్షత్రం గుర్తు (*) పెట్టి దాని రూపాలన్నీ పట్టొచ్చు, వెతికిన చరిత్ర దాచుకోవచ్చు, లైబ్రరీ కొన్న పత్రికలు అక్కడే తెరుచుకుంటాయి. ఉంటే అది వాడండి. ఇంటి దగ్గర నుంచి అయితే ఎరిక్ సొంత సైటు చాలు.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే నా విషయం మీద ఇరవై వ్యాసాలు, ఈజే నంబర్లతో సహా ఇచ్చింది. వ్యాసంలో పెట్టుకోవచ్చా?
(ఒక పాఠకుడు)

జవాబు: ఒక్కొక్క నంబరూ ఎరిక్ పెట్టెలో కొట్టి చూడండి. మూడు రకాలుగా తేలొచ్చు. కొన్ని సరిగ్గా ఉంటాయి. కొన్ని నంబర్లకు రికార్డే ఉండదు. మూడో రకం ప్రమాదకరం: నంబరు నిజమైనదే, తెరిస్తే వేరే వ్యాసం. నంబరు ఉందని తృప్తిపడి మూసేస్తే అక్కడే దొరికిపోతారు. శీర్షిక, రచయిత, పత్రిక, సంవత్సరం నాలుగూ కలిస్తేనే ఉంచండి. ఉంచినవాటిని కూడా చదివాకే ఉదహరించండి. చాట్‌బాట్‌ని మాటలు అడగడానికి వాడుకుంటే తప్పులేదు, నా విషయానికి ఇంగ్లీషులో ఇంకేమేం పేర్లు వాడతారని అడగండి. అది చెప్పినవి తీసుకెళ్లి థిసారస్‌లో సరిచూసుకోండి.