ముందు ఆ కొనుగోళ్ళ లిస్టు పక్కన పెట్టు

అమ్మాయ్, కూరగాయల తోటకని నువ్వు పంపిన లిస్టు చూశాను. కుండీలు, మట్టి బస్తాలు, చెక్క మడులు, ఇంట్లో నారుకి వెలుగిచ్చే గ్రో లైట్లు, ఇరవై రకాల విత్తనాలు. పెరట్లో మంచే ఇంకా కరగలేదు, అప్పుడే కార్డు గీకేస్తే ఎలా? పదిహేడేళ్ళ కిందట నేనూ ఇదే చేశాను కాబట్టి చెబుతున్నా, వినడం వినకపోవడం నీ ఇష్టం.

మేం మొదట ఉన్నది గల్ఫ్‌లో. ఎండకి కొదవ లేదు, మొక్కలకి ఇంకేం కావాలి అనుకుని ఏప్రిల్‌లో టమాటా, మిర్చి నారు పెట్టాను, అదీ బాల్కనీలో నల్ల ప్లాస్టిక్ కుండీల్లో. జూన్ వచ్చేసరికి కుండీ పక్కన చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది, లోపల మొక్కల వేళ్ళు ఉడికిపోకుండా ఎలా ఉంటాయి? పగలు 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదని నాకేం తెలుసు, బలం చాల్లేదనుకుని ఎరువు మీద ఎరువు కొన్నాను. అక్కడ అంతా తలకిందులు, సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టి మార్చికల్లా ముగించుకోవాలి. అది తెలిసేసరికి మా ఆయన నా తోట ఖర్చుకని విడిగా ఒక నోట్‌బుక్ పెట్టేశారు. ఇప్పటికీ ఉంది అది.

తర్వాత ఈ చలిదేశం వచ్చాం. ఇక నాకు తెలియనిది లేదనుకున్నా. ఏప్రిల్‌లో ఒక వారం ఎండ కాసిందో లేదో నర్సరీ నుంచి నారు తెచ్చి నాటేశాను. నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే ఆకులన్నీ వేడినీళ్ళలో ముంచి తీసినట్టు నల్లగా వేలాడుతున్నాయి. రాత్రి ఫ్రాస్ట్ పడింది, అంటే ఆకుల మీద మంచు పేరుకునేంత గడ్డకట్టే చలి. మళ్ళీ కొన్నాను, మళ్ళీ పోయాయి. రెండోసారి నారు కొన్న సంగతి ఆ నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో ఉంటుంది. మీ ఊరికి లాస్ట్ ఫ్రాస్ట్ డేట్, అంటే వసంతంలో ఆఖరి ఫ్రాస్ట్ పడే రోజు, ఎప్పుడో చూసుకో, అది సగటు లెక్కే కాబట్టి ఇంకో రెండు వారాలు ఓపిక పట్టు. రాత్రిళ్ళు 10 డిగ్రీల కంటే పైన నిలబడేదాకా టమాటా, మిర్చి బయట నాటొద్దు. బెండకి భూమి కూడా వెచ్చబడాలి, లేకపోతే గింజ మట్టిలోనే కుళ్ళిపోతుంది. ఇంట్లో పెంచిన నారుని వారం పది రోజులు రోజుకి కాసేపు చొప్పున బయట పెట్టి అలవాటు చేయాలి. ఇందులో దేనికీ పైసా ఖర్చు లేదు, గమనించావా?

జోన్, అంటే చలిని బట్టి ప్రాంతాలకిచ్చిన నంబరు, చూసి మొక్కలు కొంటానన్నావు. అమెరికా వ్యవసాయ శాఖ మ్యాప్‌లో 13 జోన్లున్నాయి, 2023లో సవరించారు కూడా. కానీ అది చెప్పేది చలికాలంలో అక్కడ ఎంత చలి పడుతుందన్నదొక్కటే. వేసవి ఎలా ఉంటుందో, విత్తనం ఎప్పుడు వేయాలో దాన్లో ఉండదు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళయితే నేను చెప్పే నెలలన్నీ ఆర్నెల్లు తిరగేసుకోవాలి.

అన్నిటికంటే ఖరీదైన పాఠం నాకు చిక్కుడు నేర్పింది. కర్రలు, వల, మేకులు, మనిషి కూలీ, అన్నీ పెట్టి పందిరి వేయించాను. తీగ కంచె దాటి పక్కవాళ్ళ షెడ్డు ఎక్కింది, చూసినవాళ్ళు ఆహా ఓహో అన్నారు, జూలై పోయింది, ఆగస్టు పోయింది, ఒక్క పువ్వు లేదు! మన పాత రకాలకి పగలు కురచయితేనే పూత. ఇక్కడ జూన్‌లో పగలు 16 గంటలుంటుంది. సెప్టెంబరు చివర్లో ఊదారంగు గుత్తులు బయటికొచ్చాయి, నేను సంబరపడిన పదో రోజున ఫ్రాస్ట్ వచ్చి తీగంతా మాడ్చేసింది. ఆ ఏడాది పందిరి ఖర్చుని కాసిన కాయలతో భాగించబోతే, సున్నాతో భాగించకూడదు అన్నారు మా ఆయన. పగటి పొడవుతో నిమిత్తం లేకుండా పూసే పొట్టి రకాలు ఉన్నాయి, అర్క జయ్, అర్క విజయ్ లాంటివి, అవైతే పందిరి కూడా అక్కర్లేదు. విత్తనాలు దేశం దాటించే రూల్స్ మాత్రం మీ ప్రభుత్వ సైటులో చూసుకో. అద్దె ఇల్లు కదా, తోట వేసే ముందు ఓనర్ని కూడా ఓ మాట అడుగు.

గోంగూరకి ఈ బాధ లేదు, ఆకే కదా మనకి కావలసింది, పూయకపోతే ఇంకా మంచిది. కరివేపాకుని కుండీలోనే ఉంచి, రాత్రి 10 డిగ్రీలకి దిగక ముందే లోపలికి తెచ్చుకో. చలికాలంలో ఆకు రాలుస్తుంది, కంగారుపడి నీళ్ళు పోశావో వేరు కుళ్ళి చస్తుంది. నావి రెండు అలాగే పోయాయి, రెండూ కొన్నవే.

ఆనందం లేదా అంటావేమో, ఎందుకు లేదు. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. చీకటి పడుతుంటే టార్చి పట్టుకుని వెళ్ళి మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మీద అద్దుతాను. మర్నాటినుంచి ఆ పిందె రోజురోజుకీ సాగుతుంటే ఆఫీసులో కూడా అదే ధ్యాస. దీనికీ ఖర్చు లేదు.

కాబట్టి ఈ ఏడాదికి అడుగున చిల్లులు పెట్టిన నాలుగు పాత బకెట్లు, రెండు రకాల విత్తనాలు, అంతే. ఎరువుకి శరదృతువులో రాలిన ఆకులు పోగేసి ఒక మూల మగ్గబెట్టు, జనం వాటిని సంచుల్లో కట్టి మరీ రోడ్డు పక్కన పెడతారు. లైట్లు లేకపోతే నారు కిటికీవైపు సన్నగా సాగిపోతుంది, నిజమే, కానీ కొత్తవి కొనకు. నావి గరాజ్‌లో పడున్నాయి, శనివారం వచ్చి పట్టుకెళ్ళు. సగం ధర ఇస్తే చాలు, నోట్‌బుక్‌లో జమ రాసుకుంటాం.