ఆఫీస్ 365 ఈ3, మైక్రోసాఫ్ట్ 365 ఈ3 ఒకటేనా? రెండూ కొనాలా?

ఒకటి కాదు, అలాగని రెండూ కొనక్కర్లేదు. రెండూ మైక్రోసాఫ్ట్ కంపెనీలకి యూజర్ల లెక్కన అమ్మే సాఫ్ట్‌వేర్ ప్లాన్లే. ఒకే యూజర్‌కి రెండు లైన్లూ వేసి అమ్మేవాళ్లు ధరల కోట్ ఇచ్చారని రాశారు కదా, ఎందుకో గట్టిగా అడగండి, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ 365 ఈ3లో ఆఫీస్ 365 ఈ3 మొత్తం ఉంటుంది, దాని మీద విండోస్ ఎంటర్‌ప్రైజ్, ఇన్‌ట్యూన్ (కంపెనీ ల్యాప్‌టాప్‌లనీ ఫోన్లనీ దూరం నుంచి మేనేజ్ చేసేది), ఎంట్రా ఐడీ పీ1 (యూజర్ల లాగిన్‌లు చూసుకునే క్లౌడ్ సర్వీస్) లాంటివి అదనంగా వస్తాయి. ఆ విండోస్ కూడా అప్‌గ్రేడ్ లైసెన్సే. మెషిన్‌లో ముందే విండోస్ ప్రో ఉండాలి.

అసలు గందరగోళం ఎక్కడంటే, 2020లో చిన్న కంపెనీల ప్లాన్లకి ఆఫీస్ 365 పేరు తీసేసి మైక్రోసాఫ్ట్ 365 అని పెట్టారు, ఎంటర్‌ప్రైజ్ వైపు మాత్రం రెండు పేర్లూ అలాగే ఉండిపోయాయి. 2023లో అజ్యూర్ ఏడీ (అజ్యూర్ యాక్టివ్ డైరెక్టరీ) కాస్తా ఎంట్రా ఐడీ అయింది. ఈ ఒక్క మార్పూ నాకు నచ్చింది లెండి, పాత పేరు చూసి ఆఫీసు సర్వర్‌లో యూజర్లనీ కంప్యూటర్లనీ చూసుకునే యాక్టివ్ డైరెక్టరీనే క్లౌడ్‌లో పెట్టారనుకుని, అందులో ఉండే గ్రూప్ పాలసీల (అన్ని కంప్యూటర్లకీ ఒకేసారి పెట్టే సెట్టింగుల) కోసం ఇక్కడా వెతికేవాళ్లు చాలామంది.

మా ఆఫీసులో లైసెన్సుల పని నాదే. పేర్లని నమ్మడం ఎప్పుడో మానేశాను, కోడ్ చూస్తాను. అడ్మిన్ అకౌంట్‌తో పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే చోట) ఎస్‌కేయూల లిస్టు, అంటే ప్లాన్ల కోడ్‌ల లిస్టు తీస్తే ఆఫీస్ 365 ఈ3 'ఎంటర్‌ప్రైజ్‌ప్యాక్' అనీ, మైక్రోసాఫ్ట్ 365 ఈ3 'ఎస్‌పీఈ_ఈ3' అనీ కనిపిస్తాయి. బయట బోర్డు మారినా లోపల కోడ్ అలాగే ఉంటుంది, ఎంట్రా ఐడీ పీ1 అక్కడ ఇంకా 'ఏఏడీ_ప్రీమియం'. ఒకసారి మాకొచ్చిన కోట్‌లో 'ఈ3' అని ఒక లైన్, దాని కిందే ఇన్‌ట్యూన్‌కి ఇంకో లైన్ ఉన్నాయి. ఏ ఈ3 అని అడిగితే మైక్రోసాఫ్ట్ 365 అన్నారు. మరి ఇన్‌ట్యూన్ అందులోనే ఉందిగా అని మెయిల్ పెడితే, ఆ లైన్ లేని కొత్త కోట్ వచ్చింది, సంజాయిషీ ఏమీ లేదు. ఇంకోటి, 2024 ఏప్రిల్‌లో కొత్త కస్టమర్లకి టీమ్స్‌ని (చాట్, మీటింగ్‌ల యాప్) ఈ ప్లాన్ల నుంచి విడదీశారు, కాబట్టి మీకిస్తున్నది టీమ్స్ ఉన్నదా లేనిదా రాతపూర్వకంగా చెప్పించుకోండి.

విండోస్ సర్వర్ గురించి కూడా అడిగారు. అక్కడ పేరు కన్నా దేన్ని లెక్కపెడుతున్నారన్నదే ముఖ్యం, యూజర్‌ని కాదు, కోర్లని, అంటే ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలని. సర్వర్‌కి కనీసం 16 కోర్లు కొనాలి. మీ సర్వర్‌లో 10 కోర్ల ప్రాసెసర్లు రెండు ఉంటే 20 కోర్లు, దానికి స్టాండర్డ్ ఎడిషన్ తీసుకుంటే రెండు వర్చువల్ మెషిన్లకి (ఒకే సర్వర్ లోపల విడివిడిగా నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లకి) హక్కు వస్తుంది, ఆరు నడపాలంటే అవే 20 కోర్లకి మూడుసార్లు, అంటే 60 కోర్లకి కట్టాలి. డేటాసెంటర్ ఎడిషన్‌లో ఎన్నయినా నడుపుకోవచ్చు, కాబట్టి మెషిన్లు పెరిగే అవకాశం ఉంటే రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఎడిషన్ తీసుకున్నా, దాన్ని వాడే యూజర్లకో డివైస్‌లకో కాల్ (సీఏఎల్, అంటే సర్వర్‌ని వాడుకునే హక్కు) ఉండాలి. మైక్రోసాఫ్ట్ 365 ఈ3 ఉన్న యూజర్లకి ఆ హక్కు అందులోనే వస్తుంది, మిగతావాళ్లకి కోట్‌లో ఆ లైన్ ఉందో లేదో ముందు అది చూడండి.