సెగ్వే అనే ఇంగ్లిష్ మాటను ఎక్కడ, ఎలా వాడాలి?

ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తెగకుండా సాఫీగా వెళ్లడాన్ని సెగ్వే అంటారు. ముందు పలకడం సంగతి. ఎస్-ఇ-జి-యు-ఇ అన్న అక్షరాలు చూసి చాలామంది ‘సెగ్’ అనో ‘సెగ్యూ’ అనో చదువుతారు. ‘సెగ్వే’ అనాలి. ఇటాలియన్ నుంచి వచ్చింది. పాశ్చాత్య సంగీతంలో స్వరాలు రాసిన కాగితం మీద ఒక భాగం చివర ఈ మాట కనబడితే, వాయించేవాళ్లు ఆగకుండా తర్వాతి భాగం అందుకోవాలి.

నాకిది రేడియో స్టూడియోలో అలవాటైన మాట. అక్కడ సెగ్వే అంటే మధ్యలో ఎవరూ మాట్లాడకుండా ఒక పాట వెనకే ఇంకో పాట రావడం. ఓ లైవ్ కార్యక్రమంలో ఒకాయన ఫోన్ చేసి, అమ్మ పోయి నెల కూడా కాలేదని, ఆవిడ పని చేసుకుంటూ పాడుకునే పాట వెయ్యమని అడిగాడు. అడుగుతుంటేనే గొంతు పూడుకుపోయింది. పాట వేశాం. షీటు ప్రకారం ఆ వెంటనే పొడుపుకథల పోటీ, దానికి ముందు గంతులేసే ట్యూను. పాటలు నడిపే కన్సోల్ మీద నేను, మైకు ముందు మా సీనియర్. చివరి చరణం నడుస్తుండగా ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “ట్యూను వద్దు. ఈ పాట దేంతో ముగుస్తుంది?” అన్నారు. “వేణువు, సార్” అన్నాను. “అయితే వేణువుతో మొదలయ్యేది ఒకటి తియ్యి.”

తీశాను. మొదటి పాటలో వేణువు సన్నబడుతుంటే దాని ఫేడర్, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట, దించుతూ, రెండోది మెల్లగా ఎత్తాను. అది కాస్త తేలికైన పాట. దాని వెనక ఇంకొంచెం హుషారైనది. అప్పుడు గానీ ఆయన మైకు తెరవలేదు. “అమ్మలు పాడిన పాటలే కాదు, అమ్మలు వేసిన పొడుపుకథలు కూడా మనకు గుర్తుంటాయి” అంటూ పోటీలోకి వెళ్లారు. పాటతో ఒకటి, మాటతో ఒకటి, రెండు రకాల సెగ్వేలూ ఆ కాసేపట్లోనే చూశాను.

అప్పటినుంచీ నా అభిప్రాయం ఒకటే: ముడి వెయ్యడానికి కావలసిన కొస, అయిపోతున్నదాంట్లోనే ఉంటుంది. 1808లో తొలిసారి వినిపించిన జర్మన్ స్వరకర్త బీథోవెన్ అయిదో సింఫనీలో (పెద్ద వాద్యబృందం కోసం భాగాలుగా రాసిన కృతి అది) మూడో భాగం చివర వినండి. అంతా అణిగిపోయి డప్పు మెత్తగా మోగుతూ ఉంటుంది. ఆ చప్పుడు మీదే నాలుగో భాగం ఒక్కసారిగా ఎగసిపడుతుంది.

అందుకే “అది అలా ఉంచితే”, “ఇక ఇప్పుడు” అని విషయం మార్చేసి దాన్ని సెగ్వే అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అది గెంతు. నిద్రపట్టని బాధ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ పరుపుల ప్రకటనలోకి జారిపోయే వీడియోలున్నాయి చూశారూ, వాటిలో అతుకు నిజంగానే కనబడదు. కానీ మనం నమ్మి వింటున్నామని తెలిసి చేసే ఆ పని నాకు ఒళ్లు మండిస్తుంది. ప్రమాదంలో చనిపోయినవాళ్ల సంఖ్య చదివి, ఏదో ఒక లింకు కలిపి ఆటల వార్తల్లోకి వెళ్లడమూ అంతే. అలాంటిచోట సెగ్వే వెతకకూడదు, ఓ క్షణం ఆగాలి.

వాడుక పెద్ద కష్టమేం కాదు. నామవాచకంగానూ క్రియగానూ పనికొస్తుంది. క్రియగా వాడితే వెనక సాధారణంగా ‘ఇన్‌టూ’ వస్తుంది: ఫలానా ఆయన రాజకీయాల నుంచి తన చిన్నతనంలోకి ‘సెగ్వేడ్ ఇన్‌టూ’ అంటారు. చివర ‘ఇంగ్’ చేర్చినా ‘ఇ’ అక్షరం పోదు. ఇక డబ్ల్యూ-ఎ-వై తో రాసే ‘సెగ్వే’ 2001లో అమెరికన్ ఆవిష్కర్త డీన్ కామెన్ బయటపెట్టిన, నిలబడి నడిపే రెండు చక్రాల బండి. దాని తయారీ 2020లో ఆగిపోయింది గానీ, ఆ స్పెల్లింగు మాత్రం ఇప్పటికీ ఈ మాట బదులు వచ్చి కూర్చుంటోంది. రాసేటప్పుడు అది ఒక్కటి చూసుకోండి.