మూడు సిట్టింగ్‌లకే పేషెంట్లు మానేస్తుంటే

మీరు రాసింది చదివాను. మీ కైరోప్రాక్టిక్ క్లినిక్‌కి (చేతులతో వెన్ను, కీళ్లు సర్దే వైద్యం) కొత్త పేషెంట్లు వస్తున్నారు, మూడు సిట్టింగ్‌లయ్యాక మానేస్తున్నారు, సాయంత్రానికి మీ మణికట్లు లాగేస్తున్నాయి. ప్రకటనలు పెంచకండి, లోపం అక్కడ లేదండీ.

నొప్పికి కారణం ఏమనుకుంటున్నారో, ఎన్నిసార్లు రావాలో, మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారో మొదటి రోజే చెప్పండి. నడుంనొప్పికైతే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళి, అంటే నొప్పి వల్ల రోజువారీ పనులకు ఎంత ఇబ్బందో కొలిచే ప్రశ్నల పత్రం, నింపించండి. 4 వారాల తర్వాత మళ్లీ నింపిస్తే స్కోరు తగ్గిందో లేదో ఇద్దరికీ కనిపిస్తుంది. తగ్గకపోతే పద్ధతి మార్చాలి, లేదా వేరే డాక్టరు దగ్గరికి పంపాలి. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మాత్రం వెన్ను ముట్టుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి పంపండి. ఇలా పంపితే పేషెంటు చేజారిపోతాడని నేనూ భయపడేవాణ్ణి. తర్వాత ఆ డాక్టర్లే నా దగ్గరికి మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు.

ఏడాది ప్యాకేజీలు ముందే అమ్మకండి. నొప్పి తగ్గిన మనిషిని కూడా రమ్మనాల్సి వస్తుంది, దానికి మనసొప్పదు.

ఇక మణికట్లు. టేబుల్ ఎత్తు కాస్త తగ్గించి, చేతి బలం బదులు ఒంటి బరువు వాడండి. వీలైతే డ్రాప్ టేబుల్ (నొక్కినప్పుడు ఒక భాగం కాస్త కిందికి దిగే బల్ల) కొనండి, తక్కువ బలంతో పనవుతుంది. రోజుకు ఎంతమందిని చూడగలరో ఒక లెక్క పెట్టుకుని అక్కడితో ఆపండి.