పాఠకుల ప్రశ్నలు: బడిలో ఒకే బంతి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బడుల గురించే. కులం, భాష, వీధి పేరు చెప్పి పిల్లలు విడిపోతుంటే ఏం చేయాలని చాలామంది అడిగారు. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది హిరమండలం వైపు హైస్కూలు. ఎనిమిదో తరగతిలో 40 మంది ఉన్నారు. రాజ్యాంగ పీఠిక అందరికీ నోటికి వచ్చు. సమానత్వం గురించి అడిగితే టకటకా చెప్తారు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి మాత్రం ఏ వీధి పిల్లలు ఆ వీధి పిల్లలతోనే కంచాలు పట్టుకుని కూర్చుంటారు. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. ఏం చేయమంటారు? (ఒక సోషల్ టీచరు)

జవాబు: కొన్నాళ్ళు చెప్పడం ఆపేయండి. పాఠం రాక కాదు వాళ్ళు విడిగా కూర్చునేది. ఒకరితో ఒకరికి పని పడటం లేదు, అంతే. పక్కవాడి దగ్గరున్నది తనకు అవసరమయ్యేలా పాఠాన్నే మార్చాలి. దీనికి జిగ్సా అనే పద్ధతి ఉంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే బడుల్లో చేర్చాక గొడవలు మొదలయ్యాయి. అప్పుడు, 1971లో, ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి దీన్ని రూపొందించారు. పక్కవాడిని వెనక్కి నెట్టి టీచరు మెప్పు పొందాలనే పోటీయే ఆ గొడవలకు ఆజ్యం పోస్తోందని వాళ్ళు గమనించారు.

మీకు వంశధారే మంచి పాఠం. దాన్ని అయిదు ముక్కలు చేయండి. ఒడిశా కొండల్లో నది పుట్టుక, అక్కడి జనం మొదటి ముక్క. గొట్టా బ్యారేజీ, దాని కాలువలు రెండోది. హిరమండలం జలాశయం కోసం ఊళ్ళు వదిలిన నిర్వాసితులు మూడోది. కాలువ చివర నీరు అందీ అందని శివారు రైతులు నాలుగోది. కళింగపట్నం దగ్గర నది సముద్రంలో కలిసేచోట చేపల వేట మీద బతికేవాళ్ళు అయిదోది. ఒక్కో ముక్క పది లైన్లు దాటకూడదు, అక్షరాలు పెద్దగా ఉండాలి.

40 మందిని అయిదుగురేసి ఎనిమిది జట్లు చేయండి. జాబితా ముందురోజే మీరు రాసుకోండి. ప్రతి జట్టులో వేర్వేరు వీధులవాళ్ళు, ఆడపిల్లలు, మగపిల్లలు, గబగబా చదివేవాళ్ళు, కూడబలుక్కుంటూ చదివేవాళ్ళు కలవాలి. ఎందుకలా వేశారో చెప్పకండి. "కులాలు కలపడానికి" అన్న మాట మీ నోట వచ్చిందంటే ఆ జట్లు ఇక కలవవు.

మొదటి పిరియడులో అయిదు నిమిషాలు ఎవరి ముక్క వాళ్ళు చదువుకుంటారు. తర్వాత ఒకే ముక్క వచ్చినవాళ్ళంతా ఒకచోట చేరి, తమ జట్టుకు ఎలా చెప్పాలో పావుగంట మాట్లాడుకుంటారు. ఒక్కో ముక్కకు ఎనిమిది మంది వస్తారు. ఎనిమిది మందైతే నలుగురు మాట్లాడతారు, నలుగురు దిక్కులు చూస్తారు. అందుకని నాలుగు, నాలుగుగా విడగొట్టండి. రెండో పిరియడులో సొంత జట్టుకు తిరిగివచ్చి ఒక్కొక్కరు నాలుగు నిమిషాలు చెప్తారు. చివర్లో ముక్కకు రెండు చొప్పున పది ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టండి. ఎవరి పేపరు వారిదే, ఎవరి మార్కులు వారివే. జట్టంతటికీ కలిపి మార్కులు వేస్తే, సరిగా చెప్పలేని పిల్ల మీద నలుగురూ విరుచుకుపడతారు. చాలా బడుల్లో ఇది ఇక్కడే చెడుతుంది.

చెడే చోట్లు ఇంకా ఉన్నాయి. చురుకైనవాడు అయిదు ముక్కలూ తనే చదివి చెప్పేస్తాడు. కాబట్టి ఎవరికైనా వాళ్ళ ముక్క తప్ప వేరేది చేతికి ఇవ్వకండి. తడబడే పిల్ల జట్టులో నోరు విప్పేముందు, ఒకే ముక్క వాళ్ళ మధ్య ఒకసారి చెప్పి చూసుకునేలా పక్కన నిలబడండి. నాట్లప్పుడు, పండగలప్పుడు గైర్హాజరు ఎక్కువ. అలాంటి రోజు ఆ ముక్కను జట్టులో ఇంకొకరికి అదనంగా ఇవ్వాలి. మొదటి రెండు వారాలూ గోలగోలగా ఉంటుంది. హెడ్మాస్టారికి ముందే చెప్పి ఉంచండి. వారానికి రెండు పిరియడ్ల చొప్పున ఆరు వారాలు అవే జట్లు నడిపి, ఆ తర్వాత మార్చండి.

ఇక భోజనం సంగతి. మూడో వారం నుంచి అవే జట్లను బంతిలో కూర్చోబెట్టండి. వడ్డన రోజుకో చివర నుంచి మొదలవ్వాలి. మీరూ అదే బంతిలో కూర్చుని అదే అన్నం తినాలి. టీచర్లు స్టాఫ్ రూములో క్యారియర్లు విప్పుకుంటుంటే పిల్లలకు అర్థం కావలసింది అర్థమవుతుంది. కంచాలు కడిగి పెట్టేచోట ఒకసారి నిలబడి చూడండి. అడుగున మేకుతో గీసిన అక్షరాలుంటాయి. ఆ దొంతరలు కూడా వీధుల వారీగా పేర్చి ఉన్నాయంటే, జట్టుకొక దొంతర చేయమనండి. గది ఊడవడం, నీళ్ళు పట్టడం రోల్ నంబరు వరసలో మగపిల్లలకూ పడాలి. మరుగుదొడ్లు కడిగే పని ఏ పిల్లకీ, ఏ పిల్లాడికీ చెప్పకూడదు.

ప్రశ్న: నేను రిటైరైన ఉద్యోగిని, విజయనగరం. పసిపిల్లల ముందు కులం మాటెత్తితే లేనిపోనిది మనమే ఎక్కించినట్టు కాదా? ఊరుకుంటే అదే పోతుంది కదా?

జవాబు: పోలేదు కదండీ. ఎవరింట్లో మంచినీళ్ళు తాగొచ్చో, ఏ వీధిలో ఆడుకోకూడదో పిల్లలు బడికి రాకముందే ఇంట్లో నేర్చుకుని వస్తారు. అంబేడ్కర్ చదువుకున్న బడిలో ఆయన కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకునేవారు. చప్రాసీ వచ్చి పోస్తేనే నీళ్ళు. చప్రాసీ రాని రోజు దాహంతోనే ఉండాలి. ఎవరూ మాట్లాడకుండా ఊరుకుంటే అలాంటివి అలాగే సాగుతాయి. మీ మాటలో నిజం లేకపోలేదు. ఫలానా పిల్లవాడిని లేపి "వీళ్ళకు ఇలా అన్యాయం జరిగింది" అని చూపించడం మాత్రం తప్పు. మాట్లాడాల్సింది నియమం గురించి, అలవాటు గురించి. పిల్లవాడి గురించి కాదు.

ప్రశ్న: మెళియాపుట్టి మండలంలో ప్రాథమిక పాఠశాల. సవర అనే ఆదివాసీ తెగ పిల్లలు మొదటి తరగతిలో నెలల తరబడి నోరు విప్పరు. తెలుగు పిల్లలు వాళ్ళను మొద్దులంటున్నారు. (ఒక టీచరు)

జవాబు: మీ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే బడి పెట్టారు. నిఘంటువు కూడా చేశారు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించమంటోంది. మీరు అంత పని చేయనక్కర్లేదు. ఊళ్ళో తల్లులను అడిగి ఒక 30 మాటలు రాసుకోండి: నీళ్ళు, అన్నం, ఆకలి, నొప్పి, బయటికి వెళ్ళాలి, నాకు తెలీలేదు, ఇలాంటివి. సవరకు 1936లో మంగేయి గొమాంగో చేసిన సొంత లిపి ఉన్నా, మీ తరగతికి తెలుగు లిపి చాలు. రోజుకు రెండేసి మాటలు గోడకు పెట్టండి. వాటిని తెలుగు పిల్లలకు సవర పిల్లలే నేర్పాలి. తప్పుగా పలికితే సవర పిల్లలు దిద్దాలి. ఎదుటివాళ్ళు తడబడటం చూశాక "మొద్దు" అన్న మాట దానంతటదే తగ్గుతుంది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఈకలు కట్టి నాట్యం చేయించి, మిగతా ఏడాదంతా మరిచిపోయే పద్ధతి మాత్రం వద్దు.

ప్రశ్న: నేను భోగాపురం దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా బెంచీ అమ్మాయి వాళ్ళ నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్తారు. ఆమె వస్తే కొందరు ముక్కు మూసుకుంటారు. ఏమైనా అంటే నన్నూ వేరు చేస్తారని భయం.

జవాబు: భయపడటంలో తప్పేం లేదమ్మా. ముందు ఆమెనే అడుగు, "టీచరుకు చెప్పనా?" అని. వద్దంటే ఆగు. ఈలోగా ఇంకో ఇద్దరిని కలుపుకో. వాళ్ళు ముక్కు మూసుకున్నప్పుడు ఉపన్యాసం అక్కర్లేదు. "ఊరుకోండే" అని ఒక్క మాట అని, వెంటనే ఆమె వైపు తిరిగి "లెక్కలు చేశావా?" అని అడుగు. ఆటపట్టించేవాళ్ళకు చూసి నవ్వేవాళ్ళు కావాలి. ముగ్గురు అటు తిరిగి కూర్చుంటే సగం సరదా పోతుంది. తేదీ, ఎవరు, ఏమన్నారు అన్నది నోట్సు వెనక రాసి పెట్టుకో. ఆమె సరేనంటే మీరు ముగ్గురూ కలిసి క్లాస్ టీచరు దగ్గరకు వెళ్ళండి. అక్కడ పని కాకపోతే హెడ్మాస్టారు ఉన్నారు. కొట్టడం, బెదిరించడం దాకా వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు.

ఇది చదివే టీచర్లకు ఒక మాట: ఇద్దరినీ తరగతి ముందు నిలబెట్టి "సారీ" చెప్పించకండి. ఆ అమ్మాయికి అది రెండో అవమానం. దానికి బదులు వేటను పాఠంలోకి తెండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఎందుకు ఉంటుంది? ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా ఎందుకు వలస పోతారు? 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మన జిల్లాలవాళ్ళు 2020 జనవరిలో గాని ఎందుకు ఇంటికి రాలేకపోయారు? మ్యాపు మీద దారి గీయించండి. ఈ పాఠంలో మీకంటే ఆ అమ్మాయికే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. కానీ ఆమెను అడగకుండా లేపి మాట్లాడించకండి.

ప్రశ్న: మా బాబు చదివే బడిలో స్కాలర్‌షిప్పు ఫారాలప్పుడు "ఎస్సీలు నిలబడండి, ఎస్టీలు నిలబడండి" అంటారు. వాడు ఆ రోజు బడి మానేస్తున్నాడు. ఎవరికి చెప్పాలి? (ఒక తల్లి, చీపురుపల్లి)

జవాబు: అలా నిలబెట్టాల్సిన పని అస్సలు లేదు. అడ్మిషన్ నంబర్లతో జాబితా నోటీసు బోర్డులో పెడితే చాలు, లేదా ఫారం మడిచి పిల్లవాడి చేతికి ఇవ్వొచ్చు. విద్యాహక్కు చట్టం 8వ సెక్షను బలహీన వర్గాల పిల్లల పట్ల వివక్షను, 17వ సెక్షను మానసిక వేధింపును నిషేధిస్తున్నాయి. ముందు హెడ్మాస్టారితో మాట్లాడండి. చాలాసార్లు అది అలవాటుగా చేసే పనే, చెప్తే మానేస్తారు. మానకపోతే కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, సంతకం తీసుకోండి. తర్వాత పేరెంట్స్ కమిటీ. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ళ సంఖ్యకు తగ్గట్టు చోటు ఉండాలి. మీ విషయం మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో సంతకం పెట్టేముందు చదివి చూడండి, చదవలేకపోతే చదివించుకోండి. అక్కడా తేలకపోతే 32వ సెక్షను కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. వాళ్ళు మూడు నెలల్లోగా తేల్చాలి. నలుగురైదుగురు తల్లులు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెడితే మీ బాబు ఒక్కడే వాళ్ళ కంట్లో పడడు.