డాక్టర్ సలహా: జర్మనీ నుంచి వచ్చిన గులాబీ కాయల పొడి మోకాళ్ళ నొప్పికి పనిచేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్ళు. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. శెనక్కాయల్లో కలుపు తీసేదానికి కూర్చుంటే మళ్ళీ లేవాలంటే ప్రాణం పోతుంది. పొద్దున లేచేసరికి మెడ, నడుము కూడా పట్టేసి ఉంటాయి. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. జర్మనీలో ఉన్న మా పాప రోజ్‌హిప్ పొడి, టీ ప్యాకెట్లు పంపింది. కీళ్ళకు మంచిదంట. మా బోరు నీళ్ళకు టీ అంత రుచిగా రాలేదు గానీ రోజూ తాగుతున్నాను. నొప్పి మాత్రలు మానేసి ఇది వాడొచ్చా? షుగర్‌కు పడుతుందా? మా ఇంటి ముందర గులాబీ చెట్టుకు కూడా అప్పుడప్పుడు చిన్న కాయలు వస్తాయి, అవి పనికొస్తాయా? మా కోడలికి రక్తం తక్కువ ఉంది, తనకు ఇవ్వొచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీ పాప పంపిన పొడి మంచిదే, వాడొచ్చు. అయితే మీ ప్రశ్న చదువుతుంటే నా దృష్టి మోకాళ్ళ కన్నా మెడ మీదకు, బోరు నీళ్ళ మీదకు పోయింది. ఆ సంగతి కింద వివరంగా రాశాను, దయచేసి చివరి దాకా చదవండి. ముందు మీరు అడిగినవాటికి జవాబు చెబుతాను.

రోజ్‌హిప్ అంటే గులాబీ కాయ. పువ్వును కోయకుండా చెట్టుకే వదిలేస్తే రేకులు రాలిపోయి, కింద ఉన్న బుడిపె ఉబ్బి, పండి, ఎర్రగా అవుతుంది. ఆహారంగా, మందుగా ఎక్కువగా వాడేది యూరప్‌లో కంచెల వెంబడి పెరిగే డాగ్ రోజ్ అనే అడవి గులాబీ కాయ. జర్మనీలో హాగెబుట్టె టీ పేరుతో ఇది మామూలు అంగళ్ళలో దొరుకుతుంది. స్వీడన్‌లో దీంతో తీపి సూపు చేసుకుంటారు. తాజా కాయలో విటమిన్ సి 100 గ్రాములకు 400 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ జలాంతర్గాముల భయంతో బ్రిటన్‌కు నారింజలు రావడం తగ్గిపోయింది. దాంతో 1941 నుంచి అక్కడి ప్రభుత్వం ఊళ్ళవాళ్ళ చేత, బడిపిల్లల చేత ఈ కాయలు ఏరించి, సిరప్ తీయించి పసిపిల్లలకు ఇప్పించింది. ఈ కాయకు అంత పేరు రావడానికి అదొక పెద్ద కారణం.

వాళ్ళకు నారింజలు దొరక్క ఈ కాయల దగ్గరికి వెళ్ళారు. మీరుండేది చీనీ (బత్తాయి) తోటల మధ్య. పెద్దవాళ్ళలో ఆడవాళ్ళకు రోజుకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలని మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. ఉసిరి అంతకన్నా ఎక్కువ. చీనీలో 50కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పైగా గులాబీ కాయను ఎండబెట్టి, పొడి కొట్టి, నెలల తరబడి నిల్వ ఉంచితే అందులో విటమిన్ సి తగ్గిపోతూ వస్తుంది. వేడినీళ్ళలో మరిగిస్తే ఇంకొంత పోతుంది. కాబట్టి విటమిన్ సి కోసమే అయితే విదేశీ ప్యాకెట్ అక్కర్లేదు, ఇంట్లో అందరికీ రోజుకో దోరజామ చాలు.

కీళ్ళ నొప్పి విషయం వేరు. ఈ కాయలో గాలాక్టోలిపిడ్ అనే ఒక రకం కొవ్వు పదార్థం ఉంది, అది వాపును కొంత తగ్గిస్తుందని పరిశోధకులు గుర్తించారు. కీళ్ళు అరిగినవాళ్ళకు రోజుకు 5 గ్రాముల పొడి చొప్పున మూడు, నాలుగు నెలలు ఇచ్చి చూశారు. అలాంటి మూడు అధ్యయనాలను కలిపి 2008లో విశ్లేషించారు. వాటిలో మొత్తం 287 మంది ఉన్నారు. పొడి తీసుకున్నవాళ్ళకు నొప్పి కొంతవరకు తగ్గింది, నొప్పి మాత్రల అవసరం కూడా తగ్గింది. కొంతవరకే అన్నది గుర్తుపెట్టుకోండి. అరిగిపోయిన గుజ్జు దీనివల్ల తిరిగి రాదు. ఇంకో మాట, వాళ్ళు వాడింది పొడి. వడకట్టిన టీతో అదే ఫలితం వస్తుందని ఆశపడొద్దు.

అందుకే పొడిని ఉదయం ఒక చిన్న చెంచా, సాయంత్రం ఒక చిన్న చెంచా గోరువెచ్చని లేదా చల్లని వాటిలో కలుపుకోండి. మజ్జిగలో బాగుంటుంది, ఆరిన రాగి అంబలిలో కూడా కలుపుకోవచ్చు. పొయ్యి మీద ఉడికించొద్దు. మొదటి వారం ఒక పూటే తీసుకోండి, కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి. చక్కెర వేయకపోతే పొడి, టీ రెండూ షుగర్ ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. సిరప్, జామ్ మాత్రం వద్దు, అవి చక్కెర పాకమే. మీ పాప రోజ్‌హిప్ నూనె కూడా పంపితే ఒంటికి రాసుకోండి, పొడిబారిన చర్మం మెత్తబడుతుంది. మోకాలికి ఎంత మర్దన చేసినా ఆ నూనె లోపలి కీలును బాగుచేయదు.

ఇక మీ ఇంటి ముందరి చెట్టు. ఒక కాయను అడ్డంగా కోసి చూడండి. మధ్యలో గట్టి గింజలు, వాటి చుట్టూ తెల్లటి సన్నని నూగు కనిపిస్తుంది. వేలితో తాకితే అతుక్కుంటుంది, దూలగొండిలా దురద పెడుతుంది. గొంతులోకి పోతే గరగర, కడుపులోకి పోతే మంట. అందుకే ఈ కాయను వాడేవాళ్ళు గింజలు, నూగు పూర్తిగా గీకేసి కడుగుతారు, టీ అయితే పలచటి గుడ్డను రెండు మడతలు వేసి వడకడతారు. మీ చెట్టుకు ఎప్పుడైనా పురుగు మందు కొట్టి ఉంటే, లేదా వేళ్ళలో గుళికలు వేసి ఉంటే, దాని కాయ ముట్టుకోవద్దు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకైతే మందు కొట్టకుండా పెంచడం అరుదు. ఏ మందూ వేయని నాటు గులాబీ అయినా, మోకాలి నొప్పికి దాన్ని నమ్ముకోలేం. పరీక్షించింది ఆ అడవి గులాబీ కాయనే.

మాత్రల సంగతి. షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు. నొప్పి మాత్రలు ఏవో మీరు రాయలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివైతే, షుగర్ ఉన్న మీకు అవి కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. వాటిని పొడి కోసం కాదు, కిడ్నీల కోసమే మానాలి. ఒకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకుని, మీ డాక్టర్‌ని అడిగి పారాసిటమాల్ లాంటి వాటికి మారండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, తలసీమియా ఉన్నవాళ్ళు, కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు రోజ్‌హిప్ పొడిని గానీ విటమిన్ సి మాత్రలను గానీ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

మీ కోడలికి రక్తం తక్కువ అన్నారు. ఆమెకు కావలసింది ఐరన్ మాత్ర. దాన్ని టీతో, కాఫీతో వేసుకోకుండా చీనీ రసంతోనో, జామ ముక్కతోనో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. ఈ పొడి ఐరన్ మాత్రకు బదులు కాదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మోకాళ్ళతో పాటు మెడ, నడుము పట్టేయడం, బోరు నీళ్ళు తాగడం, అదీ మన జిల్లాలో. ఈ మూడూ కలిస్తే ఫ్లోరోసిస్ ఉందేమోనని చూడకుండా వదలకూడదు. అనంతపురం జిల్లాలో చాలా పల్లెల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకల్లో, కీళ్ళ చుట్టూ పేరుకుపోయి ఒళ్ళు బిగుసుకుంటుంది. మామూలు అరుగుదలే అనుకుని ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతూ, నీళ్ళ సంగతి ఎవరూ అడగక, మెడ తిప్పలేని స్థితికి వచ్చినవాళ్ళను చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే బిగుసుకున్నాక వెనక్కి తేవడం చాలా కష్టం, ముందే నీళ్ళు మార్చుకుంటే అక్కడితో ఆపొచ్చు.

ఇంట్లోనే చూసుకోండి. గడ్డం ఛాతీకి ఆనుతుందా? మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళు అందుకోగలరా? రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోగలరా? వీటిలో ఏదీ సరిగా చేతకాకపోతే అనుమానించాలి. మీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్లల ముందుపళ్ళు చూడండి. తోమినా పోని పసుపు, గోధుమరంగు చారలు అడ్డంగా ఉంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందనడానికి అదొక గుర్తు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్ళు పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. గాజు సీసా వద్దు.

కాచి తాగుతున్నాం కదా అనుకోవద్దు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అంటే ఆ బోరు నీళ్ళతోనే రోజూ గులాబీ కాయల టీ కాచుకుంటే, కీళ్ళ కోసమని తాగుతూ కీళ్ళకు చెరుపు చేసేదాన్నే పోస్తున్నట్టు. పరీక్ష ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకు, టీకి సత్యసాయి పథకం నీళ్ళు వస్తుంటే అవి, లేదంటే ఆర్వో నీళ్ళు వాడండి. నల్ల ఉప్పు మానండి, మామూలు టీ తగ్గించండి, ఆ రెండింట్లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, జామ, ఉసిరి పెంచండి. ఫ్లోరైడ్ చేసే చెరుపును తట్టుకోవడానికి కాల్షియం, విటమిన్ సి రెండూ సాయపడతాయి.

మోకాళ్ళకు రోజూ చేయాల్సిన పని ఒకటుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, పది అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. తొడ కండ గట్టిపడితే మోకీలు మీద బరువు తగ్గుతుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగు అడుగుకూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. కలుపు తీసేటప్పుడు గొంతుక్కూర్చోకుండా చిన్న పీట వేసుకోండి.

మోకాలు వేడెక్కి ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా, కాళ్ళలో తిమ్మిరి, పట్టు తప్పడం మొదలైనా ఆగకుండా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. పొడి మూడు నెలలు వాడి చూడండి. మెట్లు ఎక్కడం, కింది నుంచి లేవడం ఏమాత్రం తేలిక కాకపోతే, ఇంకో ప్యాకెట్ పంపొద్దని పాపకు చెప్పేయండి.

— జనరల్ ఫిజీషియన్, అనంతపురం